వాల్డార్ఫ్ చార్టరా, ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలా? కాలిఫోర్నియాలో బడి వెతుక్కునే తెలుగు తల్లిదండ్రుల కోసం

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ల ఇళ్లలో పిల్లలకు నాలుగేళ్లు నిండగానే బడి గురించిన టెన్షన్ మొదలవుతుంది. స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిదా, రేటింగ్ ఎంత, మాంటిస్సోరిలోనే ఇంకో ఏడాది ఉంచుదామా అని. ఈమధ్య ఈ చర్చలోకి వాల్డార్ఫ్ చార్టర్ స్కూల్ కూడా వచ్చింది. ఫీజు లేదు, టాబ్లెట్లు లేవు, పిల్లలు మట్టిలో ఆడుకుంటారు, పాడతారు, అల్లికలు నేర్చుకుంటారు అని ఒకరు మురిసిపోతారు. రెండో క్లాసు అయిపోతున్నా మా అమ్మాయికి చదవడం రాలేదని ఇంకొకరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే బడి గురించి కావచ్చు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాల్డార్ఫ్‌లో చేర్చాలా వద్దా అని తేల్చుకునే ముందు, చేర్చితే ఎన్నేళ్లు ఉంచగలరో చూసుకోండి. ఈ చదువు మొదట్లో కావాలనే నెమ్మదిగా నడుస్తుంది. దాని ఫలితం నాలుగో క్లాసు తర్వాత గాని కనబడదు. మధ్యలో బయటికి వచ్చే పిల్లలకు ఆ నెమ్మదితనం వల్ల నష్టమే మిగులుతుంది. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపిక దగ్గరా ఈ ప్రశ్నకే తిరిగి వస్తాను.

## ఇది ఎలాంటి బడి

1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, వాల్డార్ఫ్ అస్టోరియా సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుల పిల్లల కోసం యజమాని ఎమిల్ మోల్ట్ అడిగితే ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ మొదటి బడి పెట్టాడు. పేరు ఆ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. అమెరికాలో మొదటిది 1928లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడ ఇది ఫీజు కట్టగలిగినవాళ్ల చదువే. కాలిఫోర్నియాలో 1992లో చార్టర్ స్కూళ్ల చట్టం వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1994లో నెవాడా సిటీ ఊళ్లో యూబా రివర్ చార్టర్ స్కూల్ మొదలైంది. ఇప్పుడు సెబాస్టొపోల్, నొవాటో, పసిఫిక్ గ్రోవ్, ఓక్లండ్, శాక్రమెంటో చుట్టుపక్కల, దక్షిణాన అలీసో వియెహోలో ఇలాంటి పబ్లిక్ బడులున్నాయి.

చార్టర్ అంటే పన్నుల డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూలే. కాకపోతే దానికి సొంత బోర్డు ఉంటుంది, పాఠాలు చెప్పే పద్ధతిలో స్వేచ్ఛ ఉంటుంది. అనుమతి సాధారణంగా అయిదేళ్లకోసారి రెన్యూ కావాలి. వాల్డార్ఫ్ అనే పేరు ట్రేడ్‌మార్క్ కాబట్టి ఈ బడులు తమను పబ్లిక్ వాల్డార్ఫ్ అనో, వాల్డార్ఫ్ స్ఫూర్తితో నడిచే బడి అనో చెప్పుకుంటాయి. తేడా పేరుతో ఆగదు. రాష్ట్ర ప్రమాణాలు, రాష్ట్ర పరీక్షలు, టీచర్ లైసెన్సులు అన్నీ వీటికి వర్తిస్తాయి. పుస్తకాల్లో చదివిన వాల్డార్ఫ్‌ను అచ్చంగా ఆశించి చేరేవాళ్లు కొంత నిరాశపడేది ఇక్కడే.

## ముందు వేటిని చూసుకోవాలి

రేటింగుల కంటే ముందు ఇంట్లో కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోండి. వచ్చే నాలుగైదేళ్లు ఇదే ఊళ్లో ఉంటామా? పిల్లకు మాటలు ఆలస్యంగా వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా చదవడంలో ఇబ్బంది ఉండేదా? ఇంట్లో టీవీ, ఫోన్ వాడకం ఎంత, దాన్ని తగ్గించడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటారా? పొద్దున దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం ఎవరు చేస్తారు? పక్కింటి పిల్లాడు చాప్టర్ బుక్స్ చదువుతుంటే మన పిల్ల ఇంకా అక్షరాల బొమ్మలు గీస్తుంటే మనకు నిద్ర పడుతుందా? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ, చాలామంది చేత బడి మార్పించేసింది ఇదే.

| విషయం | ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూల్ | వాల్డార్ఫ్ చార్టర్ | ప్రైవేట్ వాల్డార్ఫ్ | ప్రైవేట్ మాంటిస్సోరి |
|---|---|---|---|---|
| ఫీజు | లేదు | లేదు. విరాళాలు అడుగుతారు | ఎక్కువ. బే ఏరియాలో చాలాచోట్ల ఏడాదికి 25,000 డాలర్లు దాటుతుంది | ఎక్కువ. ఊరిని బట్టి మారుతుంది |
| సీటు | అడ్రస్‌ను బట్టి | ఎక్కువమంది ఉంటే లాటరీ | ఇంటర్వ్యూ, ఖాళీలను బట్టి | ఖాళీలను బట్టి |
| చదవడం నేర్పేది | కిండర్‌గార్టెన్ నుంచే | ఫస్ట్ గ్రేడ్ నుంచి, నెమ్మదిగా | ఫస్ట్ గ్రేడ్ నుంచి, ఇంకా నెమ్మదిగా | నాలుగేళ్లకే మొదలు కావచ్చు |
| క్లాసులో స్క్రీన్లు | మామూలే | చిన్న క్లాసుల్లో దాదాపు ఉండవు | చిన్న క్లాసుల్లో ఉండవు | తక్కువ |
| రాష్ట్ర పరీక్షలు | 3వ గ్రేడ్ నుంచి | 3వ గ్రేడ్ నుంచి | లేవు | లేవు |
| ప్రత్యేక అవసరాలున్న పిల్లకు ఐఈపీ (విడిగా రాసిచ్చే సహాయ ప్రణాళిక) | చట్టప్రకారం ఇవ్వాలి | చట్టప్రకారం ఇవ్వాలి | ఆ బాధ్యత లేదు | ఆ బాధ్యత లేదు |

## వాల్డార్ఫ్ చార్టర్: లోపల ఏం జరుగుతుంది

పొద్దున క్లాసు గుమ్మం దగ్గర టీచర్ నిలబడి ఒక్కొక్కరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి పేరుపెట్టి పలకరించి లోపలికి పంపుతారు. తర్వాత దాదాపు రెండు గంటల పాటు నడిచేది మెయిన్ లెసన్. ఒకే సబ్జెక్టు మూడు నాలుగు వారాలు వరసగా చెబుతారు, ఆ తర్వాత ఇంకో సబ్జెక్టు. ఫస్ట్ గ్రేడ్‌లో ఇంగ్లిష్ అక్షరం ‘ఎమ్’ నేర్పాలంటే ముందు కొండల కథ చెబుతారు. బోర్డు మీద రంగు సుద్దలతో రెండు శిఖరాలు, మధ్యలో లోయ గీస్తారు. మర్నాడు పిల్లలు ఆ కథ తిరిగి చెప్పి, గీతలు లేని పెద్ద పుస్తకంలో మైనపు రంగుబిళ్లలతో అదే కొండ గీస్తారు. ఆ కొండలోంచే అక్షరం బయటికి వస్తుంది. ఒక్క అక్షరానికి ఇంత సమయం. టెక్స్ట్‌బుక్ కంటే పిల్లలు ఇలా తయారుచేసుకునే మెయిన్ లెసన్ పుస్తకాలకే ఇక్కడ ప్రాధాన్యం. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ ఫస్ట్ గ్రేడ్‌లోనే కథల్లో పాత్రలుగా పరిచయం అవుతాయి. చేతిలో రెండు సూదులు, ఉన్ని. మగపిల్లలూ అల్లుతారు.

తల్లిదండ్రులు సంతోషంగా చెప్పే మాటలు ఎక్కువగా ఇక్కడివే. పిల్ల బడికి ఏడవకుండా వెళుతుంది, పాటలు ఇంటికి తెస్తుంది, ఒక పని పట్టుకుంటే కుదురుగా కూర్చుంటుంది. చేతిరాత, బొమ్మలు, విన్న కథను మళ్లీ చెప్పగలగడం, వీటిలో ఈ పిల్లలు చాలా ముందుంటారని నేను చూసినంతలో కూడా చెప్పగలను.

ఇబ్బంది చదవడం దగ్గర వస్తుంది. ఆలస్యంగా మొదలుపెడితే పిల్లలు వెనకబడిపోతారా? న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సగేట్ అనే పరిశోధకుడు అయిదేళ్లకు చదవడం మొదలుపెట్టిన పిల్లల్ని, ఏడేళ్లకు మొదలుపెట్టిన స్టైనర్ (అంటే వాల్డార్ఫ్) బడుల పిల్లల్ని పోల్చి చూశాడు. పదకొండేళ్లకు వచ్చేసరికి చదివే వేగంలో తేడా కనబడలేదు. అమెరికాలో పబ్లిక్ వాల్డార్ఫ్ బడుల మార్కులు చూసినవాళ్లూ చిన్న క్లాసుల్లో తక్కువగా, ఎనిమిదో క్లాసుకు వచ్చేసరికి తోటి బడులతో సమానంగానో మెరుగ్గానో ఉంటాయని రాశారు. శాక్రమెంటోలోని ఆలిస్ బర్నీ అనే, డిస్ట్రిక్టే నడిపే వాల్డార్ఫ్ బడిపై 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇచ్చిన నివేదిక కూడా మొత్తం మీద సానుకూలంగానే ఉంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఎనిమిదో క్లాసు దాకా మిగిలిన పిల్లల మార్కులవి. రెండులోనో మూడులోనో వెళ్లిపోయినవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

అసలు భయపడాల్సింది డిస్లెక్సియా (తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న పిల్లల విషయంలో. అందరూ నెమ్మదిగా చదివే క్లాసులో నిజంగా సహాయం కావలసిన పిల్ల బయటపడదు. నాకు తెలిసిన ఒకావిడ రెండేళ్లపాటు టీచర్‌ని అడుగుతూనే ఉంది. ప్రతిసారీ ఒకటే జవాబు, ‘సమయం వస్తే అదే వస్తుందండీ’ అని. పిల్లకు డిస్లెక్సియా ఉందని మూడో క్లాసులో తేలింది. చాలామంది పిల్లల విషయంలో ఆ టీచర్ మాట నిజమే. ఆ పిల్ల విషయంలో అది రెండేళ్ల నష్టం. కాలిఫోర్నియాలో 2025–26 నుంచి కిండర్‌గార్టెన్ మొదలు రెండో గ్రేడ్ దాకా పిల్లలందరికీ చదవడంలో ఇబ్బందులున్నాయేమో స్క్రీనింగ్ చేయాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. చార్టర్లకూ అది వర్తిస్తుంది. ఫలితం అడిగి తీసుకోండి. అనుమానం ఉంటే ప్రత్యేక విద్య కోసం పరీక్షించమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే గడువులేవీ మొదలవ్వవు.

రెండో పెద్ద విషయం టీచర్. ఒకే టీచర్ పిల్లలతో పాటు పై క్లాసుకు వెళ్లడం వాల్డార్ఫ్ పద్ధతి. ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నది ఆదర్శం. చార్టర్లలో అన్నిచోట్లా అంతకాలం సాగదు. మంచి టీచర్ దొరికితే మీ పిల్లను మీకంటే బాగా అర్థం చేసుకునే మనిషి ఏళ్ల తరబడి తోడుంటుంది. కుదరకపోతే అదే మనిషితో అన్నేళ్లూ గడపాలి. పెద్ద బడిలో సెక్షన్ మార్చమని అడగొచ్చు. ఈ బడుల్లో చాలాచోట్ల గ్రేడుకు ఒకటో రెండో సెక్షన్లుంటాయి, అంతే.

## మతం, పండగలు, ప్రాచీన భారతం

స్టైనర్ చెప్పిన ఆంత్రోపోసఫీ అనే ఆధ్యాత్మిక ఆలోచన మీదే ఈ చదువు పుట్టింది. పబ్లిక్ డబ్బుతో దాన్ని నడపడం తప్పని 1998లో ఒక సంస్థ శాక్రమెంటో డిస్ట్రిక్ట్ మీద కేసు వేసింది. ఆంత్రోపోసఫీ మతమని నిరూపించలేకపోయారని కోర్టు తీర్పిచ్చింది, 2012లో అప్పీల్ కోర్టు దాన్ని ఖాయం చేసింది. చార్టర్లలో పండగలు రుతువుల పేర్లతో జరుగుతాయి. లాంతర్లు పట్టుకుని నడక, చలికాలంలో దీపాలతో చుట్టలా తిరుగుతూ నడక, వసంతంలో మేపోల్ (రిబ్బన్లు కట్టిన స్తంభం) చుట్టూ ఆట. మన పిల్లలకు ఇవి బాగా నచ్చుతాయి. స్టైనర్ ఉపన్యాసాల్లో జాతుల గురించి ఈనాడు ఎవరూ ఒప్పుకోలేని మాటలున్నాయి. ఆ విషయంలో మీ వైఖరి ఏమిటని బడిని నేరుగా అడగడంలో తప్పేమీ లేదు. సూటిగా జవాబిచ్చే బడి మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

అయిదో గ్రేడ్‌లో ప్రాచీన భారతదేశం వస్తుంది. రామాయణం, మహాభారతం, బుద్ధుడి కథ చెబుతారు. ఇంట్లో నాయనమ్మ చెప్పిన కథ క్లాసు మొత్తం వింటుంటే మన పిల్లలకు కలిగే ఆనందం వేరు. అయితే పాఠం వరస చూడండి: భారతదేశం, పర్షియా, మెసపొటేమియా, ఈజిప్టు, గ్రీసు. ఈ వరసలో మనదేశం ఎప్పుడో ముగిసిపోయిన నాగరికతలా కనిపించే ప్రమాదం ఉంది. ఆ పాఠం మొదలయ్యే ముందే టీచర్‌తో మాట్లాడండి. వీలైతే ఒకరోజు వెళ్లి ముగ్గు వేసి చూపించండి, ఈ కథలు ఇవాళ్టికీ మన ఇళ్లలో ఎలా చెప్పుకుంటామో చెప్పండి. చాలామంది టీచర్లు సంతోషంగా పిలుస్తారు.

టీకాల గురించి కొందరు అడుగుతుంటారు. వాల్డార్ఫ్ బడుల్లో టీకాలు వేయించని పిల్లలు ఎక్కువన్న పేరు ఒకప్పుడు ఉండేది. 2016 నుంచి కాలిఫోర్నియాలో వ్యక్తిగత నమ్మకాల పేరుతో మినహాయింపు లేదు, ప్రైవేట్ బడులకు కూడా.

## ఇంట్లో మార్పు

చిన్న పిల్లలకు స్క్రీన్ వద్దని బడి కోరుతుంది. ఇండియా నుంచి అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఆర్నెల్లు ఉంటారు. వాళ్లకు మధ్యాహ్నం సీరియల్, పిల్లకు అన్నం తినిపించాలంటే యూట్యూబ్. ఇది వాళ్ల తప్పు కాదు, మనం ముందే చెప్పాలి. కథలు చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉండటం ఈ చదువుకు పెద్ద బలం కూడా. పేదరాశి పెద్దమ్మ కథలకు ఫస్ట్ గ్రేడ్ పాఠాలకు చక్కగా పొత్తు కుదురుతుంది.

ఇక కుమాన్ సంగతి, అంటే వర్క్‌షీట్లతో లెక్కలు, చదవడం నేర్పే ట్యూషన్ సెంటర్లు. వాల్డార్ఫ్‌లో చేర్చి, భయంకొద్దీ సాయంత్రం కుమాన్‌కు పంపేవాళ్లున్నారు. పొద్దున ఒక వేగం, సాయంత్రం ఇంకో వేగం. కిండర్‌గార్టెన్‌లోనే కుమాన్ తప్పదనిపిస్తే ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూలే మీకు సరిపోతుంది, నిస్సందేహంగా. మనబడి లాంటి వారాంతపు తెలుగు క్లాసు విషయం వేరు. వారానికి ఒక పూట అ, ఆ దిద్దితే ఏ ఇబ్బందీ లేదని నా నమ్మకం.

అమ్మానాన్నలు ఎంత పనిచేయాలి అన్నదీ తెలుసుకోండి. పండగలకు వంట, తోటపని, విరాళాల సేకరణ, పేరెంట్ మీటింగులు ఉంటాయి. చేస్తే చాలా స్నేహాలు కలుస్తాయి. కానీ సీటుకు ఇన్ని గంటల సేవ తప్పనిసరి అని చార్టర్ షరతు పెట్టకూడదని 2017లో చట్టం వచ్చింది. పని ఒత్తిడిలో చేయలేకపోతే అపరాధభావం అక్కర్లేదు. చార్టర్లకు బస్సు ఉండటం అరుదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో అసలు సమస్య ఇదే.

## మిగతా మూడు ఎంపికలు

ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూల్. దీన్ని మనవాళ్లు ఒక్కోసారి తేలిగ్గా తీసేస్తారు. స్పీచ్ థెరపిస్టు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకు సహాయం, చదవడంలో వెనకబడితే పట్టుకునే ఏర్పాటు డిస్ట్రిక్ట్‌లో సాధారణంగా బలంగా ఉంటాయి. టెక్సస్‌కో న్యూజెర్సీకో మారినా పాఠం పెద్దగా తెగదు. నడిచి వెళ్లొచ్చు, స్నేహితులు పక్క వీధిలోనే ఉంటారు. క్రోమ్‌బుక్‌లు, వర్క్‌షీట్లు ఎక్కువన్నది నిజం. ఆ లోటును ఇంట్లో తోటపనితో, కథలతో, సంగీతంతో చాలావరకు పూడ్చుకోవచ్చు. వాల్డార్ఫ్ చార్టర్‌లో చదవడం నేర్పలేదన్న లోటు ఇంట్లో పూడ్చడం అంత తేలిక కాదు.

ప్రైవేట్ వాల్డార్ఫ్. పరీక్షల ఒత్తిడి లేదు కాబట్టి పద్ధతి కలగాపులగం కాకుండా నడుస్తుంది. యూరిథ్మీ (మాటకు, సంగీతానికి తగ్గట్టు శరీరాన్ని కదిలించే కళ), రెండు విదేశీ భాషలు లాంటివి దొరికే అవకాశం ఎక్కువ. సిలికాన్ వ్యాలీలో లాస్ ఆల్టోస్ బడి టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు చదివే స్క్రీన్ లేని బడిగా పేరుపడింది. డబ్బున్నా నేను తటపటాయించేది ఒక్కచోటే: పిల్లకు ప్రత్యేక సహాయం కావలసి వస్తే చట్టం మీ వెనక నిలబడదు.

మాంటిస్సోరి. రెండూ ఒకటే అనుకుంటారు గానీ, చాలా విషయాల్లో ఎదురెదురుగా ఉంటాయి. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి మొదలుపెట్టిన ఈ పద్ధతిలో పిల్ల తన పని తాను ఎంచుకుంటుంది, గరుకు అక్షరాలు తడుముతూ నాలుగేళ్లకే చదవడంలోకి దిగొచ్చు. కల్పిత కథల కంటే నిజమైన పనికి విలువ ఎక్కువ. ఇప్పటికే చదివేస్తున్న పిల్లకు ఇది నప్పుతుంది. అలాంటి పిల్లను వాల్డార్ఫ్ ఫస్ట్ గ్రేడ్‌లో కూర్చోబెడితే కొందరు కథల్లో మునిగిపోతారు, కొందరు విసిగిపోతారు. ఒకరోజు క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి.

## మీ పరిస్థితి ఏది?

హెచ్1బీ వీసా మీద ఉండి ఎప్పుడు ఏ ఊరికి మారతారో తెలియకపోతే, ఇంటి దగ్గరి పబ్లిక్ స్కూల్. ఇంకో రాష్ట్రంలో రెండో గ్రేడ్‌లో చేరే వాల్డార్ఫ్ పిల్ల మొదటి వారమే తాను వెనకబడ్డానని గ్రహిస్తుంది. ఏడేళ్ల పిల్లకు ఆ బాధ పెట్టకూడదు.

రెండు మూడేళ్లలో హైదరాబాద్ వెళ్లిపోయే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ సీబీఎస్ఈ బడి రెండో క్లాసుకు చదవడం, రాయడం, తెలుగో హిందీయో అన్నీ అడుగుతుంది. శ్లోక, అభయ లాంటి వాల్డార్ఫ్ బడులు హైదరాబాద్‌లో ఉన్నాయి కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోదు. కానీ సీటు, దూరం ముందే కనుక్కోండి.

ఇల్లు కొనుక్కుని స్థిరపడి, పిల్లకు చదువులో ప్రత్యేక ఇబ్బందులేవీ కనబడక, ఇద్దరిలో ఒకరికైనా పనివేళల్లో వెసులుబాటు ఉంటే వాల్డార్ఫ్ చార్టర్ మంచి అవకాశం. ఫీజు లేకుండా ఇంతటి చేతిపని, సంగీతం, కథలు ఇంకెక్కడా దొరకవు. ఎనిమిది దాకా ఉంటామని కాకపోయినా కనీసం అయిదు దాకా ఉంటామని మనసులో గట్టిగా అనుకుని చేర్చండి. అలీసో వియెహోలోని జర్నీ స్కూల్ లాంటివి పై క్లాసుల్లో ఇంటర్నెట్‌ను ఎలా వాడాలో ప్రత్యేకంగా నేర్పుతాయి. స్క్రీన్ లేని బాల్యం తర్వాత ఏమిటన్న భయానికి అది మంచి జవాబు.

బయటికి రావాల్సి వస్తే ఎప్పుడు? కిండర్‌గార్టెన్ అయ్యాక వస్తే నష్టం దాదాపు లేదు. అయిదు ముగిశాక ఎలాగూ చాలామంది మిడిల్ స్కూల్‌కు మారతారు. ఒకటి, రెండు, మూడు మధ్యలో మారడమే కష్టం. తప్పదంటే ఆ వేసవి మొత్తం ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు కలిపి చదవడం) మీద పెట్టి, కొత్త టీచర్‌కు పిల్ల ఏ పద్ధతిలోంచి వస్తోందో ముందే చెప్పండి.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు కిండర్‌గార్టెన్ గది అందానికి ఎక్కువసేపు నిలబడిపోకండి, అన్ని బడుల్లోనూ అది బాగుంటుంది. మూడో క్లాసు చూపించమనండి. గోడల మీద పిల్లల రాతలు చదవండి. గత మూడేళ్లలో ఎంతమంది క్లాస్ టీచర్లు మధ్యలో వెళ్లిపోయారు, రెండో గ్రేడ్ చివరికి చదవలేని పిల్లలకు ఎవరు, వారానికి ఎన్నిసార్లు సహాయం చేస్తారు, చార్టర్ రెన్యూ ఎప్పుడు అని అడగండి. మూడో క్లాసు పిల్లల తల్లిదండ్రులు ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. వాళ్లలో ఒకరు బడి వదిలి వెళ్లినవాళ్లయితే ఇంకా మంచిది.

దరఖాస్తుల గడువు చాలా చార్టర్లలో చలికాలం ముగిసేలోపే అయిపోతుంది. సీటు వస్తే ఒప్పుకోవడానికి కొద్ది రోజులే ఇస్తారు. అందుకని లాటరీ ఫలితం కోసం ఆగకుండా మీ అడ్రస్‌కు వచ్చే పబ్లిక్ స్కూల్లో కూడా పేరు రాయించేయండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నా ఆ వరస ఆగస్టు దాకా కదులుతూనే ఉంటుంది, మొదటి వారం గడిచాక ఫోన్ వచ్చినవాళ్లూ ఉన్నారు.